సర్టిఫికెట్ లేని ఆడవాళ్లు

మా వేపలమడుగు మున్సిపాలిటీలో స్త్రీవాదులు ఎంతమంది అని ఎవరైనా అడిగితే నేను ఖచ్చితంగా చెప్పగలను. మార్చి ఎనిమిదిన ముప్పై ఒక్కరు. ఏప్రిల్ ఆఖరుకి ఇరవై ఏడుగురు. జూన్ మూడో తారీకు పొద్దున పదింటికల్లా ఒక్కరూ లేరు. అందరూ మగాళ్లే. ఆడవాళ్లని ఈ లెక్కలో ఎందుకు చేర్చలేదో ముందు ముందు తెలుస్తుంది.

నా పేరు ఏసోబు. చెత్త ట్రాక్టరు డ్రైవర్ని, పారిశుధ్య కార్మికుల యూనియన్‌కి కార్యదర్శిని. ఏడో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా మెమోలు చదివి నేర్చుకున్నదే. సున్నితంగా రాయడం నాకు రాదు, రాయను కూడా.

మా దగ్గర రోడ్లూడ్చే ఆడవాళ్లు ముప్పై ముగ్గురు. తెల్లారుజామున ఐదింటికి ఆఫీసు ముందు హాజరు యంత్రానికి ముఖం చూపించి వార్డులకి పోతారు. ఎనిమిదింటికి వార్డులో ఒకసారి, పన్నెండింటికి ఇంకోసారి చూపించాలి. ఈ ఏడు గంటల్లో వాళ్లకి ఒంటేలుకి పోయే చోటు లేదు. అందుకని నీళ్లు తాగరు. ఇది మా ఊళ్లో ఒక పద్ధతి, కొత్తగా పనిలో చేరిన పిల్లకి చీపురు పట్టడం కన్నా ముందు ఇది నేర్పిస్తారు. పోయిన ఎండాకాలం మార్తమ్మకి మూత్రపిండాలు చెడి పని మానేసింది. మేస్త్రీ నాంచారమ్మకి ఒంటేలు మంటతో రెండుసార్లు జ్వరం తగిలింది. ‘మూడోసారి తగిలితే నా దగ్గరికి రావద్దు, పెద్దాసుపత్రికి పో’ అని డాక్టరు చెప్పేశాడు.

అట్లాగని గది లేదా అంటే, ఉంది. ఆఫీసు వెనక ‘మహిళా కార్మికుల విశ్రాంతి గది’ కట్టి రెండేళ్లయింది. లోపల మరుగుదొడ్డి, కుళాయి, గోడకి అద్దం. గుమ్మానికి ఎర్ర రిబ్బను. రిబ్బను కత్తిరించడానికి రావలసిన పెద్దమనిషికి తీరిక దొరకలేదు. ఎర్ర రిబ్బను ఎండకి తెల్లబడింది. తాళం మాత్రం కొత్తగానే ఉంది.

మార్చి ఎనిమిదిన మహిళా దినోత్సవం చేశారు. మైదానం ఊడ్చింది, కుర్చీలు వేసింది, ముగ్గు పెట్టింది మా ఆడవాళ్లే. వేదిక మీద ముప్పై ఒక్క కుర్చీలు, ముప్పై ఒక్క మగాళ్లు. చైర్‌పర్సన్ శకుంతలమ్మగారు రాలేదు, ఇంట్లో వంట ఉందట. ఆమె భర్త వీరభద్రంగారు వచ్చారు. నాలుగేళ్లుగా ఆయనే వస్తున్నారు. ఆయన్ని ‘చైర్‌పర్సన్‌గారూ’ అనే పిలుస్తారు, ఆయనా పలుకుతారు. ముప్పై ఒకటో కుర్చీలో నేను. దాచడం దేనికి.

నాంచారమ్మని సన్మానానికి పిలిచారు. కమిషనర్ పరాంకుశరావుగారు శాలువా విప్పారు. ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది.

‘‘శాలువా వద్దు సారూ. ఆ గది తాళంచెవి ఇయ్యండి.’’

మైకు దగ్గరే ఉంది. ఊరంతా వింది.

కమిషనర్‌గారు తడబడలేదు. మైకు తనవైపు తిప్పుకున్నారు. ‘‘తల్లీ! ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను. నేను స్త్రీవాదిని!’’ చప్పట్లు. వీరభద్రంగారు లేచారు. ‘‘ఆ మాటకొస్తే నేను పుట్టుకతోనే స్త్రీవాదిని.’’ ఇంకా చప్పట్లు. మేనేజర్ సుదర్శనంగారు, ఇంజనీర్లు, ఇన్‌స్పెక్టర్లు, గుమాస్తాలు, వరసగా లేచి అదే మాట అన్నారు. ఆఖర్న నేను కూడా లేచి అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నాంచారమ్మ అందర్నీ ఓపిగ్గా విన్నది. ‘‘మంచిదయ్యా. ఇంతమంది ఉన్నారుగా. ఎవురో ఒకరు లేచి తాళం తియ్యండి.’’

సుదర్శనంగారు కమిషనర్‌గారి చెవిలో ఏదో ఊదారు. కమిషనర్‌గారు గొంతు సవరించుకున్నారు.

‘‘సదరు గది మహిళలకు సంబంధించినది. కనుక సదరు తాళం నిజమైన స్త్రీవాది చేతుల మీదుగా తెరవబడవలె. ముప్పై ఒక్కరిలో నిజమైనవారు ఎవరో నిర్ధారణ కాకుండా తెరిచినచో ఆడిట్ అభ్యంతరం వచ్చును. స్పష్టత కోరుతూ పైఆఫీసుకు రాస్తాను.’’

రాశారు. రిబ్బను గురించి రెండేళ్లలో తొమ్మిది ఉత్తరాలు రాస్తే ఒక్క జవాబు లేదు. దీనికి పదకొండు రోజుల్లో సర్క్యులర్ వచ్చింది.

‘విషయం: పురుష ఉద్యోగులు తమను తాము స్త్రీవాదులుగా చెప్పుకొనుట – అర్హత – పరీక్ష – ధ్రువీకరణ – మార్గదర్శకములు జారీ చేయుట గురించి.’

సారాంశం ఇది. ధ్రువపత్రం లేని ఏ పురుషుడూ నోటితోగాని, కాగితం మీదగాని, వాట్సాప్ స్టేటస్‌లోగాని తనను స్త్రీవాది అని చెప్పుకోరాదు. దరఖాస్తుతోపాటు తన ఇంటి స్త్రీ ఒకరి నుండి నిరభ్యంతర పత్రం జతపరచవలెను. సదరు స్త్రీ సంతకం నిజమైనదే అని ఆ ఇంటి యజమాని ధ్రువీకరించవలెను. తదుపరి ప్రయోగ పరీక్ష.

నేను ఫారం పట్టుకుని ఇంటికి పోయాను. మా ఆవిడ కరుణమ్మ ఆ ముప్పై ముగ్గురిలో ఒకతె. అప్పుడే వార్డు నుంచి వచ్చి, స్నానం చేసి, పొయ్యి ముందు కూర్చుంది.

‘‘ఇక్కడో సంతకం పెట్టు.’’

‘‘ఏందది?’’

‘‘నేను స్త్రీవాదినని చెప్పుకుంటే నీకు అభ్యంతరం లేదని.’’

‘‘ఉంది.’’

‘‘ఏందే నీ అభ్యంతరం?’’

‘‘పద్దెనిమిదేళ్ల నుంచి నువ్వు తిన్న కంచం ఎవురు ఎత్తుతున్నారు?’’

‘‘నాకు యూనియన్ పనులుంటయ్యి గదా.’’

‘‘నేను మెంబర్ని కాదా? మీటింగుకి వస్తానంటే ‘పొయ్యి ఎవురు ఎలిగిస్తారు’ అన్నావు. గుర్తుందా, మర్చిపోయినావా? ఇటియ్యి.’’

ఫారం లాక్కుని, మోకాలి మీద పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ‘అభ్యంతరం కలదు.’ కింద తేదీ వేసింది. అంత చక్కగా నింపిన ఫారం మా ఆఫీసులో ఇంకొకటి లేదు.

మిగతావాళ్లకి ఈ గొడవ రాలేదు. భార్య సంతకం నిజమైనదేనని చెప్పవలసింది ఇంటి యజమాని, ఇంటి యజమాని దరఖాస్తుదారుడే. కనుక ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో, ఒకే చెయ్యి రెండు సంతకాలూ పెట్టింది. తమకి అభ్యంతరం లేదన్న సంగతి చాలామంది భార్యలకి నేటికీ తెలియదు.

నా దరఖాస్తు తిరస్కరించారు. సుదర్శనంగారు కళ్లజోడు పైనుంచి చూసి జాలిపడ్డారు. ‘‘ఏమయ్యా ఏసోబూ, ఇంట్లో ఆడమనిషి చేత ఒక సంతకం పెట్టించలేనివాడివి. నువ్వేం స్త్రీవాదివయ్యా?’’

ప్రయోగ పరీక్ష ఆఫీసు ఆవరణలో జరిగింది. ప్రతి అభ్యర్థీ ఒక గ్లాసు టీ కాయాలి. స్టవ్వులు మోసుకొచ్చింది, వెలిగించింది, పాలు తెచ్చింది, అల్లం దంచింది మా ఆడవాళ్లే. వీరభద్రంగారికి పరీక్ష మినహాయించారు. ‘మహిళా స్థానంలో నాలుగేళ్ల నిరంతర అనుభవం’ అని రాసి ఒకటో నంబరు ధ్రువపత్రం ఇచ్చారు. రెండో నంబరు కమిషనర్‌గారిది. ఒక ఇంజనీరుగారు పంచదార బదులు ఉప్పు వేశారు. ‘ఉద్దేశం స్త్రీవాదమే’ అని పాస్ చేశారు. ఇద్దరికి పాలు పొంగి చొక్కాలు కాలితే మధ్యలో లేచిపోయారు. బిల్లు కలెక్టర్ అంజిబాబు టీ తాగి తన గ్లాసు తానే కడుక్కున్నాడు. గ్లాసు కడుగుట సిలబస్‌లో లేదనీ, అది పరీక్షకులను ప్రభావితం చేసే ప్రయత్నమనీ అతన్ని డిబార్ చేశారు.

మిగతా గ్లాసులు ఎవరు కడిగారో మళ్లీ చెప్పను.

అలా ఇరవై ఏడుగురు తేలారు. తేలినవాళ్లు చొక్కా జేబుకి బిళ్ల తగిలించుకున్నారు. అందులో సీనియర్ ఎవరు, జూనియర్ ఎవరు అని నాలుగు రోజులు తగువు పడ్డారు. ఒకే రోజు పాసైతే వయసు చూడాలా, టీ చిక్కదనం చూడాలా అని పైఆఫీసుకి ఇంకో ఉత్తరం పోయింది.

సర్క్యులర్‌లో ఏడో అంశం ప్రకారం ధ్రువీకృత స్త్రీవాదులకి ప్రత్యేక విభాగం, ఆ విభాగానికి ప్రత్యేక గది ఉండాలి. ఆఫీసులో ఖాళీగా ఉన్న గది ఒకటే.

ఒకటో నంబరు వీరభద్రంగారు రిబ్బను కత్తిరించారు. తాళం తెరిచారు. ఆ సాయంత్రానికి బోర్డు మారింది: ‘స్త్రీవాద పురుష విభాగం. అనుమతి లేనిదే లోనికి రాకూడదు.’ ఇరవై ఏడు కుర్చీలు వేశారు. ధ్రువపత్రాల ఫైళ్లకి ఇనప బీరువా తెచ్చారు. గదిలో కుర్చీలకే చోటు చాల్లేదు కనుక బీరువాని మరుగుదొడ్డిలోకి నెట్టి దొడ్డి తలుపుకి తాళం వేశారు.

మర్నాడు నాంచారమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను వెనక ఉన్నాను.

‘‘సారూ, గది తెరిచారంట గదా. లోపలికి పోయి వస్తాం.’’

‘‘ఇది మీకోసమే పెట్టిన విభాగం తల్లీ,’’ అన్నారు సుదర్శనంగారు ఆప్యాయంగా. ‘‘లోపల మీకోసమే ఆలోచిస్తున్నాం. అందుకే లోపల చోటు లేదు.’’

‘‘మీరు ఆలోచించేది బయట కూకోని ఆలోచించండి సారూ. ఆ దొడ్డి మాకియ్యండి. నాకు మళ్లీ మంట మొదలైంది.’’

‘‘ఇటువంటివి నోటిమాటగా చెప్పరాదు. మహిళా సమస్యల పరిష్కార సంఘానికి అర్జీ పెట్టుకో.’’

పెట్టింది. నేనే రాశాను. సంఘంలో నిబంధన ప్రకారం ఏడుగురు మహిళలు ఉండాలి. ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడవాళ్లు ముగ్గురే. దానికీ మార్గం కనిపెట్టారు. ధ్రువీకృత స్త్రీవాదిని సకల విషయములయందు మహిళతో సమానముగా పరిగణించవచ్చునని పైఆఫీసు మెమో తెప్పించారు. ఇక ఆ ముగ్గురితో కూడా పని లేకపోయింది. ఏడుగురు మగాళ్లే బల్ల చుట్టూ కూర్చున్నారు. ‘హాజరైన మహిళలు: ఏడుగురు’ అని రాసుకున్నారు.

‘‘నన్ను కూడా కూకోనియ్యండి సారూ. బాధ నాది గదా,’’ అంది నాంచారమ్మ.

‘‘నీకు ధ్రువపత్రం ఉందా?’’ అన్నారు వీరభద్రంగారు.

‘‘నేను ఆడదాన్నయ్యా!’’

‘‘అది నీ నోటిమాట. మా ఏడుగురి దగ్గరా కాగితం ఉంది. నీ దగ్గర ఉందా?’’

‘‘ఆ కాగితమేదో నాకూ ఇయ్యండి.’’

‘‘ఇవి పురుషులకు మాత్రమే ఇస్తారమ్మా. నిబంధన.’’

నాంచారమ్మ నావైపు తిరిగింది. ‘‘ఏసోబూ, ఈళ్లు తాగొచ్చారా?’’ నేను లేదన్నాను. తాగని మనుషులతోనే మాకు ఎప్పుడూ కష్టం.

తీర్మానం కాపీ మాకు ఇచ్చారు. ‘అర్జీదారు సదరు నాంచారమ్మ తాను మహిళనని చెప్పుచున్నప్పటికీ, తగు ధ్రువపత్రము లేనందున ఆమెను గాని, ఆమెతోటి ముప్పై ఇద్దరిని గాని మహిళలుగా పరిగణించుటకు వీలులేదు. అదియునుగాక, పనివేళల్లో మూత్రశాల అవసరమనుటకు బాధ్యతగల ఉద్యోగి ఎవరునూ స్వానుభవముతో లిఖితపూర్వక ఆధారము ఇచ్చియుండలేదు. కార్మికులు నీరు తక్కువ తాగుట నీటి పొదుపు దృష్ట్యా అభినందనీయము. అర్జీ తిరస్కరించడమైనది.’

దాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుంది నాంచారమ్మ. ‘‘దాచుకుంటా. ఎప్పుడన్నా పనికొస్తది.’’

మే నెలలో పైఆఫీసు ఒక ప్రశ్న పంపింది. మహిళా పారిశుధ్య కార్మికులు అరవై మంది ఉండవలసినచోట ముప్పై ముగ్గురే ఎందుకున్నారు? ఇరవై ఏడు ఖాళీలు ఎప్పుడు నింపుతారు? కొత్తవాళ్లని పెట్టుకోండని మా యూనియన్ ఐదేళ్లుగా మొత్తుకుంటోంది. కమిషనర్‌గారు ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నారట. ఖాళీలు ఇరవై ఏడు. స్త్రీవాదులు ఇరవై ఏడుగురు. సకల విషయములయందు మహిళతో సమానము.

‘‘సుదర్శనం! ఖాళీలు నిండిపోయాయి!’’

ఇరవై ఏడు పేర్లు, ఫొటోలతో సహా, జాబితాలో పంపేశారు. మొదటి పేరు వీరభద్రంగారిది, రెండోది తనది. పైఆఫీసు అభినందన ఉత్తరం రాసింది. ఉత్తరంతోపాటు ఇంకో పని కూడా చేసింది. ఆ జాబితాని ముఖం చూసే యంత్రానికి ఎక్కించింది.

యంత్రానికి వ్యంగ్యం తెలియదు. జూన్ ఒకటో తారీకు నాలుగూ నలభైకి ఇరవై ఏడు ఫోన్లు మోగాయి. ‘పారిశుధ్య కార్మికురాలు శ్రీమతి పరాంకుశరావు గారికి: ఐదూ పదిలోగా ముఖము చూపవలెను. మూడు రోజులు చూపనిచో ఉద్యోగము నుండి తొలగించబడుదురు.’ మొదటిరోజు నవ్వుకున్నారు. రెండోరోజు పైఆఫీసుకి ఫోన్ చేశారు. ‘పొరపాటున పంపాం, తీసేయండి’ అన్నారు. ‘అయితే తప్పుడు జాబితా పంపారని రాసివ్వండి, సస్పెండ్ చేసి తీసేస్తాం’ అని అటునుంచి జవాబు.

మూడోరోజు ఐదింటికి ఇరవై ఏడుగురూ వరసలో ఉన్నారు. వీరభద్రంగారు సిల్కు లాల్చీతో వచ్చారు. ఆయన ఉద్యోగి కాకపోయినా, ఒకటో నంబరు పోతే మళ్లీ రాదని భయం. కమిషనర్‌గారు బూట్లతో వచ్చారు. నాంచారమ్మ ఒక్కొక్కరికీ చొక్కా మీద తొడుక్కునే ఆకుపచ్చ జాకెట్టు, చీపురు ఇచ్చింది. జాకెట్టు వీపు మీద ‘మహిళా కార్మికురాలు’ అని ఉంది.

‘‘సారూ, ఒక మాట. నీళ్లు తాగొచ్చారా?’’

‘‘లేవగానే లీటరున్నర తాగుతాను. అది నా ఆరోగ్య రహస్యం,’’ అన్నారు కమిషనర్‌గారు.

‘‘అయ్యో,’’ అంది నాంచారమ్మ. నిజంగానే జాలిపడింది.

ఆరున్నరకి కమిషనర్‌గారు చీపురు ఆపి అటూ ఇటూ చూశారు. ఏడింటికి నడక మారింది. గోడవైపు తిరుగుదామంటే ప్రతి గోడ మీదా ఆయన ఫొటోయే నవ్వుతోంది: ‘బహిరంగ మూత్ర విసర్జన నేరం – కమిషనర్.’ ఊళ్లో సందు సందుకీ కెమెరాలు పెట్టించింది కూడా ఆయనే. వార్డు వదిలిపోతే ఎనిమిదింటి హాజరు పోతుంది. ఆఖరికి ఒక మేడ తలుపు కొట్టారు.

ఇల్లాలు కిటికీలోంచి చూసింది. జాకెట్టు చూసింది. మనిషిని చూడలేదు.

‘‘అమ్మా, ఒక్కసారి బాత్రూము...’’

‘‘చెత్తోళ్లకి మా బాత్రూమా? పో అవతలికి.’’

‘‘నేను కమిషనర్నమ్మా!’’

‘‘నిన్న వచ్చినోడు కలెక్టర్నన్నాడు. పో.’’

కిటికీ మూసుకుంది. నాంచారమ్మ పక్కనే ఊడుస్తోంది. ‘‘ఇరవై రెండేళ్లు సారూ,’’ అంది, తలెత్తకుండా. ‘‘ఒక్క తలుపన్నా తియ్యలా.’’

కమిషనర్‌గారు చీపురు కర్రకి ఆనుకుని గడియారం చూసుకున్నారు.

ఎనిమిదింటికి యంత్రానికి ముఖం చూపించారు. అప్పటి ముఖం యంత్రం ఒక పట్టాన గుర్తుపట్టలేదు. తొమ్మిదిన్నరకి నాలుగు వార్డుల నుంచి ఇరవై ఏడుగురూ ఆఫీసు వైపు నడిచారు. పరుగెత్తలేదు. పరుగెత్తితే ప్రమాదమని అందరికీ తెలుసు. విభాగం గది తెరిచారు. లోపలి తలుపు తెరిచారు. మరుగుదొడ్డి మీద ఇనప బీరువా, బీరువా నిండా వాళ్ల స్త్రీవాదం. ఇద్దరు తోశారు. కదల్లేదు. తోస్తే ఇంకో ప్రమాదం ఉందని ఆపేశారు.

‘‘సుదర్శనం, దీంట్లోంచి బయటపడే మార్గం!’’ అన్నారు కమిషనర్‌గారు పళ్ల మధ్యనుంచి.

‘‘ఉంది సార్. బిళ్ల పోతుందని ఇంతవరకూ చెప్పలేదు. తొమ్మిదో అంశం. తగు కారణము తెలిపి ధ్రువపత్రమును స్వచ్ఛందముగా వదులుకొనవచ్చును. ఆ క్షణము నుండి జాబితాలో పేరు రద్దు.’’

‘‘కారణం ఏం రాయాలి?’’

అప్పుడు సుదర్శనంగారికి తోచిన కారణం ఒకటే. అదే రాశారు. దాన్ని చూసి మిగతా ఇరవై ఆరుగురూ, ఒక్క అక్షరం మార్చకుండా, కాళ్లు మెలేసుకుని, గోడకి కాగితం ఆనించి రాశారు: ‘పనివేళల్లో మూత్రశాల లేనందున తీవ్రమైన బాధకు లోనైతిని. ఇది ఏ మనిషికినీ సహింపరానిది. కనుక నేను స్త్రీవాదిగా కొనసాగలేను.’

సంతకం, హోదా, తేదీ. ఆ తర్వాత ఎవరిళ్లకి వాళ్లు ఆటోల్లో పోయారు.

కాగితాలు బల్ల మీదే పడి ఉన్నాయి. నేను ఏరుకున్నాను. బాధ్యతగల ఉద్యోగులు, స్వానుభవం, లిఖితపూర్వకం, ఏది కావాలన్నారో అదే, ఇరవై ఏడు ప్రతులు. నాంచారమ్మ అర్జీకి జతచేసి పైఆఫీసుకి పంపాను. నాలుగో రోజు ఉత్తర్వు వచ్చింది. పురుష ఉద్యోగులు ఇంతటి బాధ పడుచున్నారని తమ దృష్టికి వచ్చుట దిగ్భ్రాంతికరమనీ, సదరు గదిని తక్షణం వారి సౌకర్యార్థం తెరవవలెననీ. ఆ పూటే పన్నెండుమంది వచ్చి బీరువా బయటికి లాగారు. కుళాయి బాగు చేశారు. సబ్బు పెట్టారు. బోర్డు మార్చారు: ‘పురుషులు.’ కాపలాకి అటెండర్ గౌస్‌ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

మర్నాడు ఐదింటికి ముప్పై ముగ్గురూ వచ్చారు. ముఖాలు చూపించారు. వార్డులకి పోలేదు. ఒక బిందె మధ్యలో పెట్టుకుని, గ్లాసులతో ముంచుకుని, కడుపునిండా నీళ్లు తాగారు. తర్వాత వరస కట్టారు. ముందు నాంచారమ్మ.

గౌస్ లేచాడు. ‘‘అక్కా, ఇది మగాళ్లది. ఆడోళ్లు రాకూడదు.’’

‘‘మేం ఆడోళ్లమని నీకెవురు చెప్పారు?’’

‘‘చెప్పేదేంది అక్కా, కనపడతానే ఉందిగా!’’

‘‘కనపడితే చాలదంటయ్యా, కాగితం ఉండాలంట. మాకు లేదని ఈళ్లే రాసిచ్చారు.’’ జాకెట్టులోంచి మడత తీసి నాకిచ్చింది. ‘‘చదువు ఏసోబూ. గట్టిగా చదువు.’’

చదివాను. ‘సదరు నాంచారమ్మను గాని, ఆమెతోటి ముప్పై ఇద్దరిని గాని మహిళలుగా పరిగణించుటకు వీలులేదు.’ కింద ఏడు సంతకాలు, ఆఫీసు ముద్ర.

గౌస్ కాగితం తీసుకుని ముద్ర చూశాడు. వెలుతురుకి పెట్టి ఇంకోసారి చూశాడు. ముద్ర ఉన్నాక మా ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు. కుర్చీ పక్కకి జరిపాడు.

నాంచారమ్మ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నేను గోడకి ఆనుకుని, ఇది యూనియన్ విజయం కదా, నాలుగు మాటలు మాట్లాడితే బాగుంటుందని గొంతు సర్దుకున్నాను. వరసలో తొమ్మిదో మనిషి కరుణమ్మ. ఖాళీ బిందె నా కాళ్ల దగ్గర పెట్టింది.

‘‘ఉపన్యాసం తర్వాత. ఇంకో బిందె నీళ్లు పట్రా పో. ఎనకోళ్లకి చాల్లేదు.’’

బిందె ఎత్తుకుని కుళాయి దగ్గరికి నడిచాను. పది అడుగులు వేశానో లేదో వెనకనుంచి కేక.

‘‘కడిగి పట్టు!’’